403 వచ్చిందని తలుపులన్నీ తీసేశా!

హోమ్ పేజీ బ్రహ్మాండంగా తెరుచుకుంటుంది. లోపల ఏదైనా వెతకబోతే 'ఫర్బిడెన్' అంటుంది. కంగారులో 777 కొట్టేస్తే పని అయిపోతుంది. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది.

మాది పెనుగొండ. శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న పెనుకొండ కాదండోయ్, పశ్చిమగోదావరి పెనుగొండ. వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి ఊరు. రెండు ఊళ్లకీ తేడా ఒక్క అక్షరమే. 'గ', 'క'. ఆ ఒక్క అక్షరం ఓ రాత్రి నన్ను మూడు చెరువుల నీళ్లు తాగించింది. ఎలాగో చెబుతా.

మేం నలుగురం స్నేహితులం. మా మావయ్య దగ్గర ఓ పొడుగాటి నోట్‌బుక్ ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్ల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు అందులో రాసిపెట్టేవాడు. తణుకులోనో పాలకొల్లులోనో ఎవరికైనా రక్తం కావాలంటే ఫోను ఆయనకే వచ్చేది. ఆయన కళ్లజోడు వెతుక్కుని, పేజీలు తిప్పి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసేవాడు. ఇది చూసి మేం 'ఓ వెబ్‌సైట్ చేసేద్దాం మావయ్యా' అన్నాం. చేశాం కూడా. గ్రూపు ఎంచుకుని, ఊరు ఎంచుకుని, 'వెతుకు' నొక్కితే ఎంతమంది దాతలున్నారో చూపిస్తుంది. నంబర్లు మాత్రం చూపించదు. అభ్యర్థన మా నలుగురికీ వస్తుంది, మేం దాతకి ఫోన్ చేస్తాం.

నంబర్లు దాచిపెట్టడానికి కారణం ఉంది. పేర్లు నమోదు చేస్తున్నప్పుడు ఓ అక్క అడిగింది: 'తమ్ముడూ, నా నంబరు ఎవరికీ కనపడదు కదా?' 'లేదక్కా, నాదీ పూచీ' అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ సాయంత్రం ఏం జరిగిందంటే

సైట్ మొదట్లో చవక హోస్టింగ్‌లో ఉండేది. నెమ్మదిగా ఉందని, కొంచెం డబ్బు పోగేసి సొంతంగా ఓ చిన్న సర్వర్ అద్దెకు తీసుకున్నాం. ఉబుంటు, అపాచీ, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్. మామూలు సెటప్పే. పాత చోటి నుంచి ఫైళ్లన్నీ జిప్ చేసి తెచ్చి కొత్త సర్వర్‌లో విప్పాను. హోమ్ పేజీని కొంచెం మార్చి విడిగా ఎక్కించాను. బ్రౌజర్‌లో కొట్టాను. ఠక్కున తెరుచుకుంది. 'మారిపోయాం, సూపర్ ఫాస్ట్' అని గ్రూపులో మెసేజ్ పెట్టి భోజనానికి కూర్చున్నా. 'వెతుకు' బటన్ నొక్కి చూడాలని తోచనే లేదు.

రాత్రి పది దాటాక ఫోన్. తణుకులో ఎవరికో కాన్పు కష్టమైంది, బి నెగెటివ్ కావాలి. 'మీ సైట్ ఓపెన్ చేశానండి, వెతుకుతుంటే ఏదో ఇంగ్లీషులో వస్తోంది' అన్నాడు అవతలాయన. నేనూ తెరిచి చూశా. తెల్ల పేజీ మీద నల్లటి పెద్ద అక్షరాలు: ఫర్బిడెన్. కింద, 'ఈ వనరు చూడటానికి మీకు అనుమతి లేదు' అని ఇంగ్లీషులో చిన్న ముక్క. నా సైట్ చూడటానికి నాకే అనుమతి లేదంట!

పూతరేకు, పెసరట్టు

ఇక్కడ ఓ నిమిషం ఆగుదాం. హోమ్ పేజీ వచ్చి, వెతికే పేజీ రాకపోవడమేంటి?

స్వీటు షాపులో అద్దాల బీరువాలో పూతరేకులు ఉంటాయి. అడగ్గానే తీసి ఇచ్చేస్తారు. మా హోమ్ పేజీ అలాంటిది. రెడీగా ఉన్న ఫైలు, తీసి ఇవ్వడమే. వెతికే పేజీ పెసరట్టు లాంటిది. మీరు చెప్పాకే వేస్తారు. అపాచీ మీ ఆర్డర్ తీసుకుని పీహెచ్‌పీకి చెప్పాలి, పీహెచ్‌పీ డేటాబేస్ అనే సామాన్ల గదికి వెళ్లి కావలసింది అడిగి తెచ్చుకోవాలి, పేజీ వండి వడ్డించాలి. ఇన్ని చేతులు మారే చోట ప్రతి గుమ్మం దగ్గరా 'నువ్వెవరు? నీకు పర్మిషనుందా?' అనే ప్రశ్న ఉంటుంది. ఏ గుమ్మం దగ్గర కాదన్నా మీకు పెసరట్టు రాదు.

సరదా విషయం ఏంటంటే, ఈ అపాచీ, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మూడూ 1995 బ్యాచ్. మూడింటి తొలి రూపాలూ ఆ ఏడాదే వచ్చాయి. '403' అనే నంబరు 1996 మే నెలలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ఉంది. దాని అర్థం కూడా సూటిగానే ఉంటుంది: 'నువ్వు అడిగింది నాకు అర్థమైంది. కానీ ఇవ్వను.' 404 అంటే 'అది ఇక్కడ లేదు'. 401 అంటే 'ముందు లాగిన్ అయి రా'. 500 అంటే 'లోపల ఏదో తగలబడింది'. ఈ నాలుగూ విడివిడిగా గుర్తుంటే సగం గందరగోళం పోతుంది. ఆ రాత్రి నాకు గుర్తులేదు. అది వేరే సంగతి.

లాగ్ చదివా... తప్పుగా చదివా

కనీసం ఒక మంచి పని చేశాను. లాగ్ తెరిచాను. ఉబుంటులో అయితే 'వార్' ఫోల్డర్‌లో 'లాగ్', అందులో 'అపాచీ2', అందులో 'ఎర్రర్ డాట్ లాగ్'. బ్రౌజర్ మనకి ఒక్క ముక్కే చెబుతుంది. సర్వర్ మాత్రం పూర్తి కథ ఈ ఫైల్లో రాసుకుంటుంది. చివరి వరసలో ఉన్నదాని సారాంశం ఇది: 'పర్మిషన్ డినైడ్. దారిలో ఒక చోట సెర్చ్ పర్మిషన్స్ లేవు.'

'సెర్చ్' అన్న మాట కనపడగానే నా బుర్ర ఆగిపోయింది. మా పేజీ పేరు కూడా సెర్చే! 'ఓహో, సెర్చ్ కోడ్‌లో ఏదో తేడా ఉంది' అని పీహెచ్‌పీ ఫైలు తెరిచి పావుగంట వరస వరసా చదివాను. తప్పేం లేదు. ఉండదు కూడా. ఎందుకంటే యూనిక్స్ భాషలో ఫోల్డర్‌కి 'సెర్చ్ పర్మిషన్' అంటే ఆ ఫోల్డర్‌లోకి అడుగుపెట్టి ముందుకు వెళ్లే హక్కు. నా పేజీకీ దానికీ పేరు తప్ప ఏ చుట్టరికమూ లేదు.

ఈలోగా ఫోన్ మళ్లీ మోగింది. 'దొరికారా అండీ?' చెమటలు పట్టేశాయి. ఇక మనందరికీ తెలిసిన బ్రహ్మాస్త్రం తీశాను. సైట్ ఫోల్డర్ మొత్తం మీద, లోపలున్న ప్రతి ఫైలు మీద, చ్‌మాడ్ 777.

403 పోయింది! కానీ ఇప్పుడు ఖాళీ తెల్ల పేజీ. లాగ్‌లో కొత్త వరస: 'పెనుకొండ' అనే డేటాబేస్‌కి ఈ యూజర్‌కు యాక్సెస్ డినైడ్. కోపం నషాళానికి అంటింది. మైఎస్‌క్యూఎల్‌లోకి వెళ్లి మా సైట్ యూజర్‌కి అన్ని డేటాబేస్‌ల మీదా అన్ని హక్కులూ రాసిచ్చేశాను. ఈసారి లాగ్ ఏమందో తెలుసా? 'పెనుకొండ అనే డేటాబేసే లేదు.'

అప్పుడు చూశాను. కొత్త సర్వర్‌లో డేటాబేస్‌కి 'పెనుగొండ' అని పేరు పెట్టి, సెట్టింగ్స్ ఫైల్లో 'పెనుకొండ' అని కొట్టాను. మా ఊరి పేరు తప్పుగా రాసినవాళ్లని జీవితమంతా సరిదిద్దుతూ వచ్చిన నేను!

మరి మొదట్లోనే 'అలాంటి డేటాబేస్ లేదు' అని చెప్పొచ్చుగా? చెప్పదు. మీకు హక్కు లేని పేరు అడిగితే, అది ఉన్నా లేకపోయినా మైఎస్‌క్యూఎల్ 'అనుమతి లేదు' అనే అంటుంది. లేకపోతే దొంగ ఒక్కో పేరూ అడుగుతూ లోపల ఏమేం ఉన్నాయో కనిపెట్టేయగలడు కదా. కాబట్టి డేటాబేస్ 'యాక్సెస్ డినైడ్' అన్నప్పుడు హక్కుల సంగతి చూసే ముందు స్పెల్లింగ్ చూడండి. నా మాట వినండి.

అక్షరం మార్చాను. పేజీ తెరుచుకుంది. టైము పన్నెండు కావొస్తోంది. సంతోషంగా తణుకు ఆయనకి ఫోన్ చేశా. 'దాత దొరికాడండీ, బయల్దేరాడు కూడా. మీ మావయ్యగారు గంట క్రితమే ఫోన్ చేసి పంపించారు' అన్నాడు.

ఆ పొడుగాటి నోట్‌బుక్‌కి పర్మిషన్ ఎర్రర్ రాదు.

పొద్దున్నే బావ ఫోన్

హైదరాబాద్‌లో మా బావ సర్వర్ల పనే చేస్తాడు. పొద్దున్నే ఫోన్ చేసి నా వీరగాథ అంతా చెప్పా. మొత్తం విని ఒక్కటే అడిగాడు: 'ఏం చేస్తే పోయింది 403?'

'777 కొట్టా బావా.'

రెండు నిమిషాలు మాట్లాడలేదు. కీబోర్డు చప్పుడు వినపడుతోంది. తర్వాత అన్నాడు: 'మీ ఊళ్లో ఓ-పాజిటివ్ వాళ్లు బానే ఉన్నార్రా. మొదటి పేరు చదవనా? నంబరుతో సహా?'

గుండె ఆగినంత పనైంది. జరిగింది ఇది. సర్వర్ మార్చేటప్పుడు డేటాబేస్ మొత్తాన్ని ఓ ఫైలుగా దించి, ఆ జిప్‌లోనే వేసి తెచ్చాను. వాడుకున్నాక తీసేయలేదు. అది సైట్ ఫోల్డర్‌లోనే పడి ఉంది. జిప్ విప్పినప్పుడు నేను రూట్ యూజర్‌గా ఉన్నాను. నా సెట్టింగ్ వల్ల ఫైళ్లన్నీ 'యజమాని తప్ప ఇంకెవరూ ముట్టకూడదు' అన్న హక్కులతో వచ్చాయి. అందుకే సెర్చ్ ఫోల్డర్‌లోకి అపాచీ అడుగుపెట్టలేకపోయింది. అందుకే 403. కానీ అదే తాళం ఆ డేటా ఫైల్‌ని కూడా కాపాడుతోంది! నేను 777 కొట్టిన మరుక్షణం నాలుగొందల చిల్లర మంది పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు... ఫైలు పేరు ఊహించగలిగిన ఎవరికైనా. బావ మూడో ప్రయత్నంలోనే ఊహించాడు.

'నాదీ పూచీ' అన్న మాట చెవుల్లో గింగురుమంది.

వెంటనే ఆ ఫైలు సైట్ ఫోల్డర్ నుంచి తీసేశాం. తర్వాత యాక్సెస్ లాగ్ చూశాం. ఎవరెవరు ఏమేం అడిగారో అందులో వరసగా ఉంటుంది. రాత్రి పన్నెండు నుంచి పొద్దున దాకా ఊరూ పేరూ తెలియని బాట్లు వచ్చి 'బ్యాకప్ డాట్ జిప్ ఉందా', 'కాన్ఫిగ్ ఉందా' అని అడిగిపోయాయి. ఇది మాకొక్కరికే కాదు, ఇంటర్నెట్‌లో ఉన్న ఏ సర్వర్‌కైనా రోజూ జరిగేదే. మా ఫైలు పేరు మాత్రం బావ తప్ప ఇంకెవరూ అడగలేదు. అది మా తెలివి కాదు. వట్టి అదృష్టం.

లాకులు, తూములు, బోదెలు

విషయం మావయ్యకి చెబితే ఆయనకి అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది. 'చేలోకి నీళ్లు రావట్లేదని లాకులన్నీ ఎత్తేస్తారేంట్రా? ఊరు మునిగిపోదూ! ముందు బోదె ఎక్కడ పూడిందో చూసుకోవాలి' అన్నాడు.

డెల్టాలో పుట్టినవాడికి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. దాని గొప్పతనం నీళ్లు ఆపడంలో మాత్రమే లేదు. పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరం దగ్గర నీళ్లు వదిలితే, అక్కణ్నుంచి పెద్ద కాలువ, చిన్న కాలువ, తూము, పంట బోదె, మడి. ప్రతి చోటా ఎంత కావాలో అంతే. లాకు ఎత్తే అధికారం లస్కరుది, మడి గండి తీసేది రైతు. ఎవరి పని వాళ్లది.

లైనక్స్ సర్వర్‌లో ఉన్నదీ అదే. దీని మూలం 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్. ఒకే కంప్యూటర్‌ని చాలామంది పంచుకునే రోజులవి. ఒకరి ఫైళ్లు ఇంకొకరు పాడుచేయకుండా ప్రతి ఫైలుకీ ముగ్గురి హక్కులు రాసిపెట్టారు: యజమాని, అతని గుంపు, మిగతా లోకం. ఆ మూడు అంకెలు ఇవే.

చదవడం 4. రాయడం 2. నడపడం 1. కావలసినవి కూడితే అంకె వస్తుంది. 7 అంటే మూడూ. 5 అంటే చదవడం, నడపడం. 6 అంటే చదవడం, రాయడం. కాబట్టి 644 అంటే: యజమాని చదవొచ్చు, రాయొచ్చు; మిగతావాళ్లు చదవొచ్చు, అంతే. 777 అంటే: ఆ సర్వర్‌లో ఉన్న ఏ యూజరైనా, ఏ ప్రోగ్రామైనా చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు. లాకులన్నీ ఎత్తేయడమే.

ఫోల్డర్ల దగ్గర ఆ 1కి అర్థం వేరు. లోపలికి అడుగుపెట్టే హక్కు. నన్ను బోల్తా కొట్టించిన 'సెర్చ్' ఇదే. పైగా ఇది దారి పొడుగునా ఉండాలి. సిద్ధాంతం దాకా హైవే బ్రహ్మాండంగా ఉండి, అక్కణ్నుంచి పెనుగొండ వచ్చే రోడ్డు మూసేస్తే బస్సు మా ఊరు రాదుగా! ఫైలు హక్కులు ఎంత బాగున్నా, పైన ఒక్క ఫోల్డర్ దారి ఇవ్వకపోతే 403 వస్తుంది.

ఇంకో సంగతి. ఫైలు తెరవాల్సింది మీరు కాదు, వెబ్ సర్వర్. దానికి సొంత యూజర్ పేరుంటుంది. ఉబుంటు, డెబియన్‌లలో 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా', రాకీ, ఆల్మా వంటి వాటిలో 'అపాచీ'. అదే మన లస్కరు. మీరు రూట్‌గా లాగినై 'నాకు తెరుచుకుంటోందిగా' అనుకుంటే లాభం లేదు. లస్కరుకి తెరుచుకోవాలి.

బావ నేర్పిన వరస

ఆ పూట బావ ఫోన్లో ఉండి నాతో మొదట్నుంచీ చేయించాడు. అదే వరస మీకూ చెబుతున్నా. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

1. ఏ గుమ్మం? ముందు ఓ మామూలు ఫైలు, డేటాబేస్‌తో పని లేనిది, అదే ఫోల్డర్‌లో పెట్టి తెరవండి. అది కూడా 403 అంటే డేటాబేస్‌కి సంబంధం లేదు. ఫైలు హక్కులో, అపాచీ సెట్టింగో. అది తెరుచుకుని, వెతికే పేజీ మాత్రమే ఆగితే లోపలి గుమ్మాలు చూడాలి.

2. లాగ్ పూర్తిగా చదవండి. ఒక్క మాట పట్టుకుని పరిగెత్తకండి, నాలాగ. 'పర్మిషన్ డినైడ్' అని ఉంటే ఫైలు హక్కులు. 'సర్వర్ కాన్ఫిగరేషన్ వల్ల నిరాకరణ' అని ఉంటే అపాచీ సెట్టింగ్స్. ముఖ్యంగా పాత 2.2 నాటి 'ఆర్డర్, అలౌ, డినై' వరసల్ని 2012లో వచ్చిన 2.4లోకి అలాగే తెచ్చుకుంటే ఇబ్బందే. ఇప్పుడు 'రిక్వైర్' అన్న మాటతో రాయాలి. ఫోల్డర్‌లో ఇండెక్స్ ఫైలు లేకపోయినా 403 వస్తుంది. అది హక్కుల గొడవే కాదు.

3. దారంతా చూడండి. ఎన్-ఏ-ఎమ్-ఈ-ఐ అనే ఐదక్షరాల కమాండ్ ఉంది. ఎల్ ఆప్షన్ పెట్టి, ఫైలు పూర్తి చిరునామా ఇస్తే, మొదటి ఫోల్డర్ నుంచి చివరి దాకా ఎవరు యజమాని, ఏం హక్కులు అన్నీ ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది. పూడిన బోదె ఇట్టే దొరికిపోతుంది. మా సెర్చ్ ఫోల్డర్ 700 అని, యజమాని రూట్ అని కనపడటానికి మూడు సెకన్లు పట్టింది.

4. కావలసినంతే తెరవండి. ఫోల్డర్లకి 755, ఫైళ్లకి 644. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న సెట్టింగ్స్ ఫైలుకి 640, గుంపు మాత్రం వెబ్ సర్వర్ యూజర్‌ది. పీహెచ్‌పీ ఫైళ్లకి నడిపే హక్కు అక్కర్లేదు, సర్వర్ చదివితే చాలు. ఫొటోలు ఎక్కించే ఫోల్డర్ ఒక్కదానికే వెబ్ సర్వర్‌కి రాసే హక్కు ఇవ్వాలి, అందులో పీహెచ్‌పీ నడవకుండా ఆపాలి. ఇంకో విషయం: కొన్ని షేర్డ్ హోస్టింగ్‌లలో 777 పెడితే పని అవ్వకపోగా 500 ఎర్రర్ వస్తుంది. 'లోకమంతా మార్చగలిగే ఫైల్ని నేను నడపను' అని సర్వర్ మొండికేస్తుంది. అది మీ మంచికే.

5. హక్కులు బాగున్నా తెరుచుకోలేదా? రాకీ, ఆల్మా, రెడ్‌హ్యాట్ వాడుతుంటే ఎస్‌ఈలైనక్స్ ఉంటుంది. అమెరికా ఎన్ఎస్ఏ 2000 డిసెంబర్‌లో బయటికిచ్చిన అదనపు కాపలా అది. డేటాబేస్ వేరే సర్వర్‌లో ఉంటే, వెబ్ సర్వర్ దానితో నెట్‌వర్క్ మీద మాట్లాడొచ్చా అన్న స్విచ్ మొదట ఆఫ్‌లో ఉంటుంది. ఆ ఒక్క స్విచ్ ఆన్ చేస్తే సరిపోతుంది. చాలామంది ఎస్‌ఈలైనక్స్ మొత్తాన్నే ఆపేస్తారు. అది కూడా 777 తమ్ముడే.

6. కొన్ని మాటలు వెతికితేనే 403 వస్తోందా? అప్పుడు ఫైర్‌వాల్ అనుమానించాలి. మాడ్‌సెక్యూరిటీ లాంటివి, మీరు వెతికిన ముక్కలో కొటేషన్ గుర్తో 'సెలెక్ట్' లాంటి మాటో కనపడితే దాడి అనుకుని ఆపేస్తాయి. ఫైర్‌వాల్ తీసేయకండి. ఏ నియమం అడ్డుపడిందో దాని లాగ్‌లో నంబరుంటుంది. ఆ పేజీకి ఆ ఒక్క నియమం సడలించమని హోస్టింగ్ వాళ్లని అడగండి.

7. డేటాబేస్ హక్కులు కూడా కొలిచి ఇవ్వండి. మా వెతికే పేజీకి కావలసింది చదవడం ఒక్కటే. నమోదు పేజీకి కొత్త వరస చేర్చడం. టేబుల్ మొత్తం తుడిచేసే హక్కు ఏ పేజీకీ అక్కర్లేదు. నేనిచ్చిన 'అన్నీ నీవే' అన్న హక్కులు బావ ముందు వెనక్కి తీయించాడు. రేపు కోడ్‌లో చిన్న కన్నం దొరికితే, దొంగ చేతికి వెళ్లేది ఆ యూజర్ హక్కులే మరి. ఎస్‌క్యూలైట్ వాడేవాళ్లకి ఓ చిట్కా: 'చదవడానికి మాత్రమే' అన్న ఎర్రర్ వస్తే డేటాబేస్ ఫైలు ఒక్కటే చూడకండి. అది రాసేటప్పుడు పక్కనే ఓ తాత్కాలిక ఫైలు పెట్టుకుంటుంది. అందుకే ఫోల్డర్‌కి కూడా రాసే హక్కు కావాలి. కాబట్టి ఆ ఫోల్డర్‌ని వెబ్ ఫోల్డర్ బయట పెట్టండి.

8. లస్కరుగా మారి పరీక్షించండి. సుడోతో 'ఈ ఫైలు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా చదవగలదా' అని చూడొచ్చు. చదవాల్సినవి చదవగలగాలి. చదవకూడనివి చదవలేకపోవాలి. రెండోది చూడటం ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఇది చిన్న విషయమేం కాదు

'మాదేదో చిన్న సైట్, ఎవడికి కావాలి' అనిపిస్తుంది. పెద్దవాళ్లకీ జరిగింది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా ముప్పై వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ వివరాలు బయటికి కనపడుతున్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. దేశమంతా వార్తయింది. తలుపు మూసి ఉంటే పది నిమిషాల్లో మనకి తెలుస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేసి తిడతారు. తలుపు తెరిచి ఉంటే మాత్రం ఎవరూ ఫోన్ చేయరు. అందుకే అది ప్రమాదం. 2023 ఆగస్టులో మన దేశంలో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణకి చట్టం కూడా వచ్చింది. కానీ నాకు ఆ పొద్దున చట్టం గుర్తు రాలేదు. ఆ అక్క మొహం గుర్తొచ్చింది.

ఆమెకి చెప్పాలా వద్దా అని సాయంత్రం దాకా కొట్టుకున్నాను. ఎవరూ చూడలేదుగా, ఎందుకు చెప్పడం అంది ఓ మనసు. చివరికి నలుగురం కూర్చుని జాబితా పంచుకుని, అందరికీ ఫోన్లు చేశాం. నాలుగు రోజులు పట్టింది. 'ఏడు గంటల పాటు మీ నంబరు బయటికి కనపడే పరిస్థితి వచ్చిందండి. ఎవరూ తీసుకున్నట్టు లేదు. తప్పు మాది. కావాలంటే మీ పేరు తీసేస్తాం.' ఎక్కువమంది 'సర్లే బాబూ' అన్నారు. పదకొండు మంది తీసేయమన్నారు. తీసేశాం.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: 'నువ్వు చెప్పావు కాబట్టి ఉంచుతున్నా. మళ్లీ ఇలా ఫోన్ చేయించుకోకు తమ్ముడూ.'

ఇప్పుడు మా సైట్ బాగానే నడుస్తోంది. ఏదైనా మార్చిన ప్రతిసారీ ముందు 'వెతుకు' నొక్కుతాను. తర్వాత తెరుచుకోకూడని ఫైలు చిరునామా కూడా నేనే కొట్టి చూస్తాను. అక్కడ 'ఫర్బిడెన్' అని కనపడితే హమ్మయ్య అనుకుంటాను.

మావయ్య నోట్‌బుక్‌లో మాత్రం కొత్త పేర్లు ఇప్పటికీ ఎక్కుతూనే ఉన్నాయి. రాయడం అయ్యాక బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. తాళంచెవి ఎక్కడుంటుందో ఆయనకీ, అత్తయ్యకీ తప్ప ఎవరికీ తెలీదు.